గంట చూపించుకు రా

మనిషి కనిపిస్తే చాలు, "ఏ ఊరండీ మీది?" అని అడగకుండా ఉండలేని జబ్బు ఒకటుండేది వెంకటరామారావు గారికి. కొందరికి తుమ్ము వస్తుంది, కొందరికి ఆవలింత వస్తుంది, ఆయనకి ఆ ప్రశ్న వచ్చేది. వచ్చాక ఆపడం ఎవరి తరమూ కాదు. పోనీ ఊరు పేరు చెబితే వదిలేవారా అంటే, అదీ లేదు. ఊరికి అడవి ఏ పక్క, వాగు ఏ పక్క, పశువులు పొద్దున ఎటు పోతాయి, సాయంత్రం ఎటునుంచి వస్తాయి, మందకి ముందు నడిచేది ఎవరి ఆవు, ఇవన్నీ తేలితే గాని ఆయన మనసు కుదుటపడేది కాదు.

మాకు పశువులు లేవండీ అంటే తప్పించుకున్నట్టు కాదు. "అయ్యో, ఎప్పుడు అమ్మేశారు?" అని అక్కణ్ణుంచి ఎత్తుకునేవారు. పళ్ల డాక్టరు నోట్లో ఇనప పరికరం పెట్టి, కదలకండి అంటే, కదలకుండానే "హే హూరండీ?" అన్నారట.

ఒకసారి ఎవడో మోసగాడు ఫోన్ చేశాడు. మీ బ్యాంకు కార్డు ఆగిపోతుంది, వెంటనే నంబరు చెప్పమన్నాడు. "చెబుతాను గాని, నీది ఏ ఊరు నాయనా?" అన్నారు ఈయన. ముప్పావుగంట గడిచేసరికి అవతలివాడు వాళ్ల తాతగారి గేదె తప్పిపోయిన సంగతి చెప్పుకుంటూ ముక్కు చీదుతున్నాడు. పెట్టేసే ముందు, "బాబాయ్, ఎవరైనా ఫోన్ చేసి నంబరు అడిగితే చెప్పకండి" అని జాగ్రత్త చెప్పి మరీ పెట్టేశాడు.

ఆయన పోయి ఏడాది దాటింది. చిత్రగుప్తుడు నోరు తెరిచే లోపే ఈయన "తమరిది ఏ ఊరండీ?" అని ఉంటారనీ, దాంతో పైన పనంతా ఆగిపోయి ఉంటుందనీ, అందుకే ఈ ఏడాది తమ వీధిలో ఇంకెవరూ పోలేదనీ భార్య సీతారావమ్మ గారి గట్టి నమ్మకం.

ఆ జబ్బు పక్కన కూర్చుని మూడేళ్లు కొట్టు నడిపిన మనిషి ఆయన కోడలు నాగలత. ఆ మూడేళ్లలో కొట్టులో జరిగేది ఆమెకి అర్థమైన రోజులు లేకపోలేదు. అవన్నీ కొట్టుకి సెలవు రోజులు.

కొట్టు భద్రాచలంలో, గుడి దారి నుంచి ఒక సందు పక్కకి తిరిగితే ఉంటుంది. ఒక్క షట్టరు గది. అందులో గంటలు తప్ప ఇంకేమీ అమ్మరు. పూజ గంటలు కావు, పశువుల మెడలో కట్టేవి. ఇత్తడివి, కంచువి, ఇనప రేకువి, టేకు కర్రతో చేసినవి. గోడల నిండా మేకులు, మేకుల నిండా గంటలు. పెద్దదాని పక్కన చిన్నది, కర్రదాని పక్కన కంచుది. మధిరలో అన్నగారి విత్తనాల షాపు చూసుకున్న అలవాటు కొద్దీ నాగలత మొదటి రోజే అడిగింది.

"మామయ్యా, ఇవి ఏ వరసలో పెట్టారు?"

"కనపడటంలా? ఇది దుమ్ముగూడెం. ఆ మూల టేకులపల్లి. తలుపు వెనకాల..."

"ఊళ్లు కాదు మామయ్యా. సైజు వరస అడుగుతున్నా."

వెంకటరామారావు గారు కాసేపు ఆలోచించారు. "దుమ్ముగూడేనికి సైజేంటమ్మా?"

నాగలత వెళ్లి అత్తగారిని అడిగింది. "పెళ్లయి ముప్పై ఎనిమిదేళ్లయింది, నాకే తెలీదు. నిన్న గాక మొన్న వచ్చావు, నీకు తెలియాలా?" అని సీతారావమ్మ గారు చిక్కుడుకాయలు ఈనెలు తీయడంలో పడ్డారు.

టేకులపల్లి అవతలి తండా నుంచి దేవ్లా వచ్చాడు. గుడికి వచ్చి, పనిలో పనిగా కొత్తగా కొన్న ఎద్దుకి గంట తీసుకుందామని. గోడ మీద అన్నిటికన్నా పెద్దది చూపించి, "గది ఇయ్యి సేటూ" అన్నాడు. వెంకటరామారావు గారు దాన్ని తీసి ఒకసారి ఊపి, ఒక కన్ను మూసి, మళ్లీ మేకుకి తగిలించేశారు.

"ఇది మీ తండాకి కుదరదు దేవ్లా. మీ పెద్దనాయన ఆవుకి ఉంది ఈ మోత."

"పెద్దనాయన ఆవు ముసల్దైంది."

"ఆవు ముసల్దైతే గంట ముసల్దవుతుందా? ఇదిగో, ఇది కట్టు."

చేతిలో పెట్టింది నిమ్మకాయంత గంట. దేవ్లా దాన్ని చూశాడు. ఎద్దుని తలుచుకున్నాడు. "నా ఎద్దు ఇంత ఉంటది సేటూ, గిదేంది చెవిపోగు లెక్క?" అన్నాడు. అన్నాడే గాని తీసుకుని వెళ్లాడు. కొట్టుకి వచ్చినవాడు కోరింది దొరక్క, కోరనిది పుచ్చుకుని, దండం పెట్టి వెళ్లడం నాగలత అంతకుముందు ఎక్కడా చూడలేదు.

హైదరాబాదు నుంచి ఒక జంట కారులో వచ్చి, ఇంటి గుమ్మానికి వేలాడదీయడానికి ఒకటి కావాలన్నారు. ఏ ఊరన్నారు ఈయన. హైదరాబాదు అన్నారు వాళ్లు. "హైదరాబాదుకి మా దగ్గర గంట లేదండీ. అక్కడ ఇప్పటికే అన్ని మోతలూ అయిపోయాయి" అని చేతులు జోడించారు. వాళ్లు ఇంటర్నెట్‌లో కొట్టుకి ఒక్క నక్షత్రం ఇచ్చి, కింద 'యజమాని మంచివారే, ఏమీ అమ్మరు' అని రాశారు. నాగలత అది పైకి చదివి వినిపించింది. "మంచివారు అన్నారుగా" అన్నారు మామగారు సంతోషంగా.

వీటన్నిటినీ మించిన చిత్రం ఇంకోటుంది. దుమ్ముగూడెం అవతల, అడవి అంచున వెదుళ్లగుంపు అని ముప్పై ఇళ్ల గూడెం ఉంది. ఆ గూడెం వాళ్లకి ఆయన మొదటిసారి గంట అమ్మేవారు కాదు. ఊరికే చేతికిచ్చి, "తీసుకెళ్లి చూపించుకు రా" అనేవారు. వాళ్లు పాతిక కిలోమీటర్లు పోయి, వారం తర్వాత మళ్లీ వచ్చి, "చూపించినం, బాగున్నదట" అనో, "చూపించినం, వద్దన్నది" అనో చెప్పేవారు. బాగుందంటే అప్పుడు అమ్మకం.

"ఎవరికి చూపిస్తారు మామయ్యా? ఆవుకా?"

"చూపించాలి గదమ్మా మరి."

"అదే, ఎవరికి?"

"చూపించకుండా ఎట్లా కడతారు?"

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. ఈ కొట్టులో రెండూ ఒకేచోట ఉన్నాయనిపించింది నాగలతకి. అమ్మవారికి చూపిస్తారేమో అని కొన్నాళ్లు అనుకుంది. పశువుల డాక్టరుకేమో అని కొన్నాళ్లు అనుకుంది. తర్వాత అనుకోవడం మానేసింది.

మూడో ఏటి కార్తీకంలో ఉదయ్ భాస్కర్ నోరు విప్పాడు. అతను ఈ ఇంటి ఏకైక కొడుకు, నాగలత మొగుడు, సర్కారు బడిలో లెక్కల పంతులు. పక్క సందులో సెల్ ఫోన్ కవర్లు అమ్మే కోటేష్ పెద్ద గది కోసం వెతుకుతున్నాడట.

"ముక్కోటి దాకా చూస్తా. కౌంటర్ వెనకాల ఇంకో మనిషి కావాల్సినంత గిరాకీ వస్తే కొట్టు నీ ఇష్టం, నేను మళ్లీ మాట్లాడను. లేదంటే గది కోటేష్‌కి. నాన్న అడిగే ఊళ్ల పేర్లు ఇంట్లో అరుగు మీద కూచుని కూడా అడగొచ్చు."

ఆ కొట్టు నాగలతకి అర్థం కాదు గాని, ఆమెది. పొద్దున్నే షట్టరు ఎత్తగానే గాలికి గోడంతా ఒక్కసారి గలగలమంటుంది చూడండి, అది వినకుండా రోజు మొదలవడం ఆమె ఊహించలేకపోయింది.

అదను దొరికింది. నేలకొండపల్లిలో పెళ్లుందని అత్తమామలు నాలుగు రోజులు వెళ్లారు. బస్సు కదలగానే నాగలత గోడల మీది ఊళ్లన్నిటినీ దించేసింది. సైజు వరస కట్టింది. చీటీలు అంటించింది. ఒక వ్యాపారి ఎప్పటినుంచో బతిమాలుతున్నాడు కదా అని కొత్త సరుకు ఒక పెట్టె తెప్పించింది. అన్నీ ఒకే మూసలో పోసినవి, ఒకే మెరుపు, ఒకే బరువు. రెండు కొంటే మువ్వల పట్టెడ ఉచితం అని బోర్డు పెట్టి, ఫోటో తీసి వాట్సాప్‌లో వదిలింది.

సంత రోజు కొట్టు ముందు నిలబడ్డానికి చోటు లేదు. వెదుళ్లగుంపు నుంచి ఒక ఆటో నిండా వచ్చారు. ముందు భద్రయ్య దిగాడు. కొత్త గంట చేతిలోకి తీసుకుని తటపటాయించాడు.

"ఇది చూపించుకొని రావాల్నా అమ్మా?"

"అక్కర్లేదు భద్రయ్యా. పెట్టెలో ఏది తీసుకున్నా ఒక్కటే మోత. గ్యారంటీ."

"ఒక్కటే మోతనా?"

"ఒక్కటే!"

భద్రయ్య ఏదో అనబోయాడు. ఈలోపు వెనకనుంచి సోమమ్మ, "జరుగు, మళ్లీ ఎవలు తిరుగుతరు ఇంత దూరం" అని ముందుకొచ్చి తీసేసుకుంది. చూస్తుండగానే ఆ ఒక్క గూడేనికే తొమ్మిది గంటలు పోయాయి. ఆ సాయంత్రం ఉదయ్ భాస్కర్ ఖాళీ పెట్టెలోకి తొంగిచూసి, "పర్లేదే" అన్నాడు. లెక్కల పంతులు పర్లేదంటే నూటికి తొంభై అయిదు వేసినట్టు.

వెంకటరామారావు గారు పెళ్లి నుంచి వచ్చి గోడలు చూసి, ఎవరింటికో వచ్చినట్టు గుమ్మంలోనే నిలబడిపోయారు. కసరలేదు. పెట్టెలో మిగిలిన కొత్త గంటలు ఒక్కొక్కటే తీసి ఊపారు. ఒకటి. రెండు. మూడు. "పాడిందే పాడరా పాచిపళ్ల దాసుడా అన్నట్టుందే" అని గొణిగి, "ఎవరెవరు తీసుకెళ్లారమ్మా?" అన్నారు.

"చాలామంది మామయ్యా!"

"ఏ ఊళ్ల వాళ్లు?"

"ఒక్క వెదుళ్లగుంపు వాళ్లు తెలుసు. తొమ్మిది. మిగతా వాళ్లని అడగలేదు."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "అడగలేదా? మనిషిని పట్టుకుని ఏ ఊరని అడగకుండా ఎట్లా ఉన్నావమ్మా? నోరెట్లా ఆగింది?"

మూడో రోజు భద్రయ్యా సోమమ్మా ఒకే బస్సులో దిగారు. దిగేసరికే పోట్లాట సగం అయింది, మిగతా సగం కొట్టులో మొదలైంది.

"నా ఆవు గంట ఇనపడుతున్నదని అడవిలకు పోయిన," అన్నాడు భద్రయ్య. "వాగు దాటిన, గుట్ట ఎక్కిన. తీరా చూస్తే ఏందమ్మా? సోమమ్మ గేదె! అది నన్ను చూసి నవ్వినట్టు చూసింది."

"నేనేమో ఆయన ఆవు ఎంబడి అటు దిక్కు పోయిన," అంది సోమమ్మ. "ఇగ లచ్చయ్యకైతే తెల్లారంగ పాలు పిండినంక తెలిసింది, అది ఆయన బర్రె కాదని. గూడెంల ఎవల పాలు ఎవలు తాగుతున్నరో తెలుస్తలేదు!"

"అంతా సరే," అన్నారు వెంకటరామారావు గారు. ఆయన మొహంలో నవ్వు లేదు. "జంపక్క ఏమంటోంది?"

పోట్లాట ఆపి భద్రయ్య గొంతు తగ్గించాడు. "ఏమంటలేదయ్యా. మూడు దినాలాయె, బయట కూసుంటలేదు."

ఆ జంపక్క ఎవరో నాగలతకి తెలీదు. మామగారు మాత్రం అంచులు రాకే ఆకురాయి, సుత్తి, గంట లోపల వేలాడే కర్ర నాలుకల పొట్లం సంచిలో వేసుకుని, "పద" అన్నారు. తప్పు తనదని నాగలతకి తెలుస్తోంది, ఏ తప్పో తెలియడం లేదు. ఆ అయోమయంతోనే బస్సెక్కింది, ఆటో దిగింది, గూడెం చేరింది.

జంపక్క అరవై దాటిన మనిషి. గోడకి ఆనుకుని లోపల కూర్చుని ఉంది. గుమ్మంలో అడుగు పడగానే తల తిప్పింది గాని, కళ్లు వాళ్ల మీద నిలవలేదు. అప్పుడు అర్థమైంది నాగలతకి, ఆమెకి చూపు లేదని.

"గంటలయ్యనా? ఎంబడి ఎవలు?"

"మా కోడలు జంపక్కా. నాగలత."

"ఓ, గీ బిడ్డనేనా ఒక్క మోత అమ్మింది?" జంపక్క నవ్వింది. "కండ్లు పోయి ఆరేండ్లాయె బిడ్డా. పొద్దుగూకంగ మంద తిరిగొస్తది సూడు, అప్పుడు బయట కూసొని, ఏది వచ్చింది, ఏది రాలే, ఏ దిక్కున ఆగింది, అన్నీ నేనే చెప్తుంటి. నేను చెప్పంది ఎవలూ అడవిలకు ఎతకనీకి పోరు. గూడేనికి మంద లెక్క నాదే. మొన్న ఏమైందంటే, కొత్త మోత భద్రయ్య ఆవుదన్నరు. తొమ్మిది పశువులు వచ్చినయి. తొమ్మిదిమాట్లు భద్రయ్య ఆవు వచ్చింది, భద్రయ్య ఆవు వచ్చింది అన్న. పోరగాండ్లు ఒకటే నవ్వుడు. నాకు మళ్లోసారి కండ్లు పోయినట్టాయె."

ఆమె నవ్వుతూనే చెప్పింది. నాగలతకే ఎటు చూడాలో తెలియలేదు.

"అంటే... చూపించుకు రమ్మనేది..."

"జంపక్కకే," అన్నాడు భద్రయ్య. "ఇంకెవలికి? ఏ గంట కట్టినా ముందు అక్క ఒప్పుకోవాలె. దేవునికి చూపిస్తున్నమనుకున్నవా?"

నాగలత మామగారిని పక్కకి పిలిచి మెల్లగా అడిగింది. "మూడేళ్ల నుంచి అడుగుతున్నా గదా మామయ్యా! కళ్లు లేని మనిషి దగ్గరికి పంపుతూ చూపించుకు రా అంటే నాకెట్లా అర్థమవుతుంది? వినిపించుకు రా అనొచ్చు గదా?"

"అనొచ్చు," అన్నారు వెంకటరామారావు గారు సంచిలోంచి ఆకురాయి తీస్తూ. "కానీ లోకంలో ఎవరైనా ఏదైనా కొంటే నలుగురికీ చూపిస్తారమ్మా. ఆమెకి మాత్రం వినిపించడమేంటి? ఏం బాగుంటుంది?"

తర్వాత మంచం బయట వేశారు. తొమ్మిది గంటలూ విప్పుకొచ్చారు. వెంకటరామారావు గారు అంచు రాకడం, జంపక్క చెవి ఒగ్గడం. రాకినకొద్దీ గంట గొంతు మారింది. కొన్నిటికి ఇనప నాలుక తీసి కర్ర నాలుక వేశారు.

"ఇంకొద్దిగ గీకు. ఇంక. ఆ, చాలు. ఇది సోమమ్మకియ్యి."

"ఎందుకట?" అంది సోమమ్మ.

"ఊకెనే అరుస్తున్నది."

గూడెం మొత్తం నవ్వింది. సోమమ్మ కూడా నవ్వబోయి, పరువు గుర్తొచ్చి ఆగింది. ఎనిమిది అయ్యాక ఆయన ఆకురాయి కోడలి చేతిలో పెట్టారు. నాగలత పైపైన నాలుగు గీతలు రాకి ఊపింది. జంపక్క తల వంచి విన్నది.

"ఇది నువ్వు గీకినవా బిడ్డా? సిగ్గుపడుతున్నది. గట్టిగ ఇంకో రెండు గీతలు గియ్యి."

పొద్దువాలింది. వెదుళ్ల మధ్యనుంచి దుమ్ము లేచింది, మంద కదిలింది. జంపక్క మంచం మీద సర్దుకుని కూర్చుంది. "లచ్చయ్య బర్రె. సోమమ్మ గేదె, అరుసుకుంట. భద్రయ్య ఆవు... దానెనక కొత్తది, సిగ్గుది." ఒక్కటీ తప్పలేదు. పిల్లలు చేతులు చాచి ఎగిరారు. వెంకటరామారావు గారు ఆ పక్కనే గోచీ పెట్టుకుని నిలబడ్డ పిల్లాణ్ణి ఆపి, వాడికి మామయ్య వరసయ్యేవాళ్లది ఏ ఊరని ఆరా తీస్తున్నారు.

బస్సులో నాగలత అడిగింది, అన్ని ఊళ్లలోనూ జంపక్కలున్నారా అని. ఉన్నారన్నారాయన. దేవ్లా తండాలో అయితే వాళ్ల పెద్దనాయనే. మోకాళ్లు పడిపోయి మంచంలో ఉన్నాడు, తన ముసలి ఆవు గంట కోసమే సాయంత్రం దాకా చెవి నిలబెట్టుకుంటాడు. ఇంకో ఎద్దుకి అదే మోత కడితే ఆయనకి రోజూ రెండుసార్లు ఆశ, ఒకసారి నిరాశ. ఇట్లా ఊరూరా ఎవరో ఒకరు. పేర్లు ఆయనకి గుర్తుండవట. ఊరు చెబితే మనిషి గుర్తొస్తారట.

మర్నాడు నాగలత సైజుల చీటీలు పీకేసింది. మూస గంటలు వెనక్కి పంపింది. సంతలో ఎవరెవరు కొన్నారో వెతికి పట్టుకుని, గొంతులు మార్చి ఇచ్చింది. బోర్డు మీద కొత్తగా రాయించింది: 'మీ ఊళ్లో ఇంకెవరికీ లేని మోత'. అది చదవడం రానివాళ్లకి భద్రయ్య, సోమమ్మ నోటితో చెప్పారు. బోర్డు కన్నా సోమమ్మ దూరం వినిపిస్తుంది. మేకల వాళ్లు వచ్చారు, ఎడ్ల బండ్ల వాళ్లు వచ్చారు, ఏటి అవతలి వాళ్లు వచ్చారు. ఒకరు రాకాల్సిన చోట ఇద్దరు రాకినా పని తెమల్లేదు. సంత రోజుల్లో విని చెప్పే మనిషి కావాల్సి వచ్చింది. జంపక్కని అడిగితే, "కూలికి రాను. గంటలు చూసిపోనీకైతే వస్త" అంది.

ముక్కోటి ముందురోజు ఉదయ్ భాస్కర్ కోటేష్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. కోటేష్ చేతిలో గది కొలవడానికి టేపు. గుమ్మం దాకా రావడానికే వాళ్లు పదిమందిని తోసుకోవాల్సి వచ్చింది. లోపల కౌంటర్ వెనక స్టూలు మీద జంపక్క. ఎవరో గంట ఊపుతున్నారు, ఆమె చెయ్యి ఎత్తింది. కొట్టంతా నిశ్శబ్దమైపోయింది.

సరిగ్గా అప్పుడే ఎక్కడో సెల్ ఫోన్ మోగింది.

కోటేష్ జేబులో చెయ్యి పెట్టాడు. ఉదయ్ భాస్కర్ జేబులో చెయ్యి పెట్టాడు. దేవ్లా తలపాగాలో వెతికాడు. ఇంకో నలుగురు సంచులు తడుముకున్నారు. నాది కాదంటే నాది కాదన్నారు. ఫోన్ మోగుతూనే ఉంది. వెంకటరామారావు గారు ఒక కన్ను మూసి విని, "కంచు తక్కువైంది" అన్నారు.

"ఏందది?" అంది జంపక్క.

"సెల్ ఫోనక్కా," అన్నాడు కోటేష్. "అందరియీ ఒక్క తీరే మోగుతయి. ఎవరిదో తెలుస్తలేదు."

జంపక్క జాలిగా తల ఊపింది. "అయ్యో పాపం! మీ మందకు గంటలు చూసెటోళ్లు లేరా బిడ్డా?"

కొట్టు గొల్లుమంది. కోటేష్ టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. ఉదయ్ భాస్కర్ చొక్కా చేతులు మడుచుకుని, మేకుల మీది గంటలు అందివ్వడానికి కౌంటర్ వెనక్కి వెళ్లాడు. ఆ ఫోన్ ఎవరిదో మాత్రం ఈ రోజుకీ తేలలేదు.